రక్తం మనది, ల్యాబు ఎవరిది?

ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం రోజులూ విశాఖ గోడలన్నీ ర్యాంకుల ఫొటోలతో నిండిపోతాయి. ఎంబీబీఎస్ సీటు ఎన్ని మార్కుల దగ్గర ఆగింది, ఏ ఇంజనీరింగ్ కాలేజీ ఎంతకు దొరుకుతుంది? ద్వారకానగర్ టీకొట్టు దగ్గర్నుంచి కలెక్టరాఫీసు క్యాంటీన్ దాకా ఇదే చర్చ. డాక్టరు గారు మందు రాసే ముందు చూసే చిన్న కాగితం ఒకటుంటుంది, ల్యాబు రిపోర్టు. అందులో అంకెలు వేసే మనిషి ఏం చదవాలి? ఆ చదువులో చేరడానికి ఏ అర్హత కావాలి? ఆ అర్హత మన ఉత్తరాంధ్ర పిల్లల్లో ఎందరి చేతికి అందుతుంది? ఈ సంగతి అడిగిన నాయకుడు లేడు, రాసిన పెద్ద పత్రిక లేదు. అందుకే మేం అడుగుతున్నాం.

ముందు చట్టం సంగతి చెప్పుకుందాం. అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2021లో చేసింది. అంతవరకు ‘పారామెడికల్’ అనే ఒక్క గోనెసంచిలో కుక్కేసిన యాభైకి పైగా వృత్తులను విడదీసి వరస పెట్టింది. ఆ వరసలో మొదటిదే వైద్య ప్రయోగశాల, జీవశాస్త్రాల విభాగం. 3 నుంచి 6 ఏళ్లలో కనీసం 3,600 గంటల డిగ్రీ చదివితే ఆరోగ్య సంరక్షణ నిపుణుడు. 2 నుంచి 4 ఏళ్లలో కనీసం 2,000 గంటల డిప్లొమానో డిగ్రీయో చదివితే అనుబంధ ఆరోగ్య నిపుణుడు. పైకి ఇది గంటల లెక్కే. లోపల అది ఒక గీత. ఆ గీతకు పైన ఎవరి పిల్లలుంటారు, కింద ఎవరి పిల్లలుంటారు?

మన రాష్ట్రంలో ఈ చదువుకు ప్రధానంగా రెండు గుమ్మాలున్నాయి. ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎంఎల్‌టీ ఒకటి, పారామెడికల్ బోర్డు కింద నడుస్తుంది. దానికి బైపీసీ వాళ్లకు ముందు వరస, తర్వాత ఎంపీసీ, ఆ తర్వాతే మిగతావాళ్లు. రెండోది బీఎస్సీ ఎంఎల్‌టీ, హెల్త్ యూనివర్సిటీ కింద. దానికి ఇంటర్ బైపీసీ ఉండి తీరాలి. ఒకేషనల్ చదివినవాళ్లయితే జీవశాస్త్రం, భౌతిక శాస్త్రాలలో బ్రిడ్జి కోర్సు గట్టెక్కి రావాలి. నిబంధన చూస్తే న్యాయంగానే ఉంది. జీవశాస్త్రం రానివాడి చేతికి రక్తం ఎవరిస్తారు? మేమూ ఇవ్వమనం. మా పేచీ ఆ నిబంధన దాకా చేరే దారి గురించి.

పదహారేళ్ల పిల్ల పాడేరులోనో, సీతంపేటలోనో, మందసలోనో ఇంటర్‌లో చేరేటప్పుడు గ్రూపు ఎలా ఎంచుకుంటుంది? ఆ పిల్ల ఎంచుకోదు. దగ్గర్లో ఉన్న కాలేజీలో ఏ గ్రూపు నడుస్తుంటే అదే ఆమె గ్రూపు. జంతుశాస్త్రం చెప్పే లెక్చరర్ లేకపోతే సీఈసీ. అన్న ఏది చదివితే అది. ఆ రోజు దరఖాస్తు ఫారంలో పెట్టిన ఒక్క టిక్కు రెండేళ్ల తర్వాత ఆమె మొహాన తలుపు మూస్తుందని చెప్పేవాళ్లు ఆ ఊళ్లో ఉండరు. విశాఖ నగరంలో లక్షలు పోసి చదివే కుర్రాడికి ఎనిమిదో తరగతిలోనే ఆ సంగతి తెలుస్తుంది. ఇద్దరికీ అర్హత ఒకటే అంటున్నారు. ఆకలేస్తే రోకలి మింగమన్నట్టుంది ఈ సమానత్వం.

ఇది ఉద్యోగాల గొడవే అనుకునేవాళ్లు ఒక్కసారి ఉద్దానం వెళ్లి రావాలి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు: కొబ్బరి, జీడి తోటల పచ్చటి సీమ. ఆ తోటల కింద కిడ్నీ జబ్బు ఇంటింటికీ పాకింది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభించారు. సంతోషం. కానీ ఆ జబ్బు మొదట బయటపడేది డాక్టరు గదిలో కాదు, గాజుగొట్టంలో. రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో కొలిచే పద్ధతుల్లో పాతది, ఇప్పటికీ విరివిగా వాడేది జాఫే పద్ధతి. 1886 నాటి రసాయన చర్య అది. పిక్రిక్ ఆమ్లం కలిపితే నారింజ రంగు వస్తుంది, ఆ రంగు చిక్కదనాన్ని మిషను కొలుస్తుంది. మిషను కొలుస్తుంది కదా, మనిషికి చదువెందుకు అంటారా? క్రియాటినిన్ ఆలస్యంగా పెరుగుతుంది. కిడ్నీలు సగం పాడయ్యేదాకా అంకె మామూలుగానే కనిపించవచ్చు. పోయిన ఏడాది 0.8, ఈ ఏడాది 1.1 అయితే రెండూ ‘నార్మల్’ అని ముద్రపడతాయి. ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి కనుబొమ్మ ముడివేసేవాడే చదువుకున్నవాడు.

ఇంకొకటి. డయాలసిస్ మీద ఉన్న రోగికి పొటాషియం ప్రాణాంతకం. పొద్దున్న కవిటిలో తీసిన రక్తం, సీరం వేరుచేయకుండా ఎండలో బండి మీద సాయంత్రానికి పట్నం చేరిందనుకోండి. రక్తకణాల్లోంచి పొటాషియం బయటికి కారి అంకె దానంతటదే పెరిగిపోతుంది. రోగిలో లేని ప్రమాదం కాగితం మీద పుడుతుంది. లేదా నిజంగా ఉన్న ప్రమాదాన్ని ‘శాంపిల్ పాడై ఉంటుందిలే’ అని కొట్టిపారేస్తారు. ‘ఈ రక్తం పనికిరాదు, మళ్లీ తియ్యండి’ అని ధైర్యంగా చెప్పడానికే రెండేళ్లో నాలుగేళ్లో చదివేది. ఆ మాట చెప్పగలిగేవాడు ఉద్దానం భాష తెలిసినవాడై, ఆ ఊరి దారి తెలిసినవాడై ఉంటే మళ్లీ శాంపిల్ వస్తుంది. బదిలీ ఎప్పుడవుతుందా అని చూసే మనిషైతే ఆ శాంపిల్‌తోనే రిపోర్టు వస్తుంది.

ఇక అసలు మెలిక. రాష్ట్రపతి ఉత్తర్వు 1974లో చదువుల కోసం ‘స్థానిక ప్రాంతాలు’ గీసింది. ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి? ఇచ్ఛాపురం నుంచి ఒంగోలు దాటేదాకా. దాదాపు 700 కిలోమీటర్లు! శ్రీకాకుళం, విశాఖపట్నంతో పాటు ఉభయ గోదావరులు, కృష్ణా, గుంటూరు, ప్రకాశం అంతా ఒక్క ‘స్థానికం’. ఎనభై అయిదు శాతం సీట్లు స్థానికులకే అని చెబుతారు. పాడేరు పిల్లకూ, గుంటూరు కార్పొరేట్ కాలేజీ పిల్లకూ ఒకే వరస కట్టి, ఇద్దరూ స్థానికులే, ఇంటర్ మార్కులు చూసి సీటిస్తాం అంటారు. సీట్లు పంచే యూనివర్సిటీ 1986 నుంచీ విజయవాడలో ఉంది. దరఖాస్తు ఆన్‌లైనే కదా అంటారేమో. దరఖాస్తు ఆన్‌లైను, వరస మాత్రం పాతదే.

ఇంకో ఉత్తర్వు చూడండి. 1975లో ఉద్యోగాల కోసం జోన్లు గీశారు. అప్పుడు శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలను విడిగా జోన్ 1 అన్నారు. 1979లో ఈ రెండింటి నుంచే విజయనగరం పుట్టింది. అంటే కొలువు దగ్గరకొచ్చేసరికి మనం వేరని ఢిల్లీయే ఒప్పుకుంది. ఏడాది ముందు చదువు దగ్గర మాత్రం మనల్ని ఒంగోలుతో కలిపింది. కొలువుకు విడి జోను ఇచ్చి, ఆ కొలువుకు కావలసిన చదువు దగ్గర పోటీలో ముంచితే ఏం లాభం? అర్హుడు దొరకడు. అర్హుడు దొరకలేదని పోస్టు ఖాళీగా ఉంచుతారు, లేదా ఔట్‌సోర్సింగ్ అంటారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు. 2014 విభజన చట్టమే ఉత్తర కోస్తాకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ మాట ఎత్తింది. వెనుకబడ్డామని చట్టం చెప్పాక, ముందుపడ్డవాళ్లతో ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తమనడం ఏ న్యాయం?

అర్హత అంటే కాగితమా, పనా అన్న మాట వచ్చినప్పుడల్లా మాకు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తాడు. 1895లో భీమవరంలో పుట్టినవాడు. గోదావరి వాడే, ఉత్తరాంధ్ర వాడు కాదు. గొప్పవాడిని గొప్పవాడనడానికి జోన్ అడ్డురాదు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు తెల్లదొరకు కోపమొచ్చింది, చేతికి ఎంబీబీఎస్ బదులు తక్కువ హోదా ఎల్ఎంఎస్ వచ్చింది. ఆ కాగితంతోనే 1923లో అమెరికా వెళ్లాడు, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేశాడు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రకటించాడు. కిడ్నీ రోగికి ఫాస్ఫరస్ చూస్తారని ఉద్దానంలో ఎవర్నడిగినా చెబుతారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరు బయోకెమిస్ట్రీ చదివిన ప్రతివాడికీ తెలుసు. ఆయన్ని ఈరోజు మన ల్యాబులో చేర్చుకోవాలంటే ‘పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ఏదీ?’ అని అడుగుతారు!

నవ్వులాట కాదు. ఆంధ్రా యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివి బయటికొచ్చే పిల్లల గతి ఇదే. ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ నోటిఫికేషన్ డీఎంఎల్‌టీ లేదా బీఎస్సీ ఎంఎల్‌టీ అడుగుతుంది, బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతుంది. ఎమ్మెస్సీ చదివినవాడు అక్కడ అనర్హుడు. అతనికి ఆసుపత్రి పని అనుభవం లేదు, ఒప్పుకుంటాం. మరి ఆ అనుభవం ఏడాదిపాటు కేజీహెచ్‌లో ఇప్పించి, పరీక్ష పెట్టి, చేర్చుకోవడానికి ఏం అడ్డొచ్చింది? ఇంగ్లండులో ‘హెల్త్‌కేర్ సైంటిస్ట్’ అని ఒక హోదాయే ఉంది. సైన్సు డిగ్రీ మంచి తరగతిలో పాసైనవాడిని ప్రభుత్వ వైద్య సర్వీసు మూడేళ్ల శిక్షణకు తీసుకుంటుంది. ఆ మూడేళ్లూ జీతమిస్తుంది, మాస్టర్స్ డిగ్రీ చేయిస్తుంది. డిగ్రీలో తరగతి కాస్త తగ్గినా, పై చదువు ఉంటే దారి ఉంది. పోటీ గట్టిదే, అర్హత కఠినమే. కానీ ఎక్కడ పొరపాటున గ్రూపు మారిందో అక్కడే జీవితం ఆగిపోదు. మనకు ఆగిపోతోంది.

ఈ చదువు విశాఖకు ఎందుకు మరీ అవసరమో వేరే చెప్పాలా? ఇది రేవు పట్నం, ఉక్కు పట్నం. రేవులో బొగ్గు దుమ్ము, ఉక్కు ఫ్యాక్టరీ కోక్ ఓవెన్ల దగ్గర బెంజీన్ పొగ. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీద పడింది, 12 మంది పోయారు. స్టైరీన్ ఒంట్లోకి ఎంత వెళ్లిందో తేల్చాలంటే మూత్రంలో మాండెలిక్ ఆమ్లం కొలవాలి. అది వీధి చివర కలెక్షన్ సెంటర్ పని కాదు. దానికి విషశాస్త్రం తెలిసిన ల్యాబు మనిషి కావాలి. 1923 నుంచీ ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉన్న ఊళ్లో, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రోగులు కూడా వెతుక్కుంటూ వచ్చే కేజీహెచ్ ఉన్న ఊళ్లో, అలాంటి మనుషులను తయారుచేయడానికి ఒక దారి వేయలేమా? ఉక్కు ఫ్యాక్టరీ పక్కనే 270 ఎకరాల్లో 2018లో మెడ్‌టెక్ జోన్ తెరిచారు. కొవిడ్ ఏడాది టెస్ట్ కిట్లు అక్కడ తయారయ్యాయి. కిట్టు మన ఊళ్లో తయారవుతుంది, దాన్ని వాడే చదువుకు మాత్రం మన పిల్లలు ఒంగోలుతో పోటీపడాలి. ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. భూములిచ్చిన నిర్వాసితులు ఆర్ కార్డులు పట్టుకుని ఏళ్ల తరబడి గేటు బయట నిలబడ్డారు. చదువు విషయంలో ఆ కథ మళ్లీ నడవనివ్వం.

మా వాళ్లకే ఒక చేదు మాట. రేపు ఉత్తరాంధ్ర రాష్ట్రం వచ్చినా, స్థానిక ప్రాంతం మనదే అయినా, మార్కుల వరస ఇలాగే ఉంచితే ఆ సీట్లన్నీ విశాఖ నగరంలోని కార్పొరేట్ కాలేజీల పిల్లలు పట్టుకుపోతారు. గుంటూరు స్థానంలో ఎంవీపీ కాలనీ వస్తుంది, పాడేరు పాడేరులాగే ఉంటుంది. విశాఖపట్నమే ఉత్తరాంధ్ర అనుకునే నాయకులు మన వేదికల మీద కూడా ఉన్నారు. మనం కోరే రాష్ట్రంలో ప్రతి మండల కాలేజీలో బైపీసీ నడవాలి, ఒకేషనల్ పిల్లలకు బ్రిడ్జి కోర్సు అక్కడే చెప్పాలి, డీఎంఎల్‌టీ చేసి పదేళ్లు పనిచేసినవాడికి నేరుగా డిగ్రీ రెండో ఏడాదిలో చోటివ్వాలి. చట్టం గీసిన ఆ 3,600 గంటల గీత దాటడానికి వాళ్లకు నిచ్చెన కావాలి. రాష్ట్రం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఇవి ఇప్పుడున్న ప్రభుత్వాన్నే అడగాల్సిన పనులు.

విద్యార్థులకు ఒక సూచన. ఈసారి నోటిఫికేషన్ వచ్చేలోగా ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు తీసిపెట్టుకోండి, స్థానికత తేల్చేది అవే. ఒకేషనల్ ఎంఎల్‌టీ చదివినవాళ్లు బ్రిడ్జి కోర్సు సంగతి ప్రిన్సిపాల్‌ని రాతపూర్వకంగా అడగండి. లెక్చరర్ లేడని జవాబొస్తే ఆ జవాబు కాపీ మాకు పంపండి. ఉద్యోగ సోదరులు ఎవరి ఆఫీసులో ఏ ల్యాబ్ పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో సమాచార హక్కు చట్టం కింద ఒక్కో దరఖాస్తు వెయ్యండి. మండలాలవారీగా అచ్చువేస్తాం.