నేనింకా డాక్టర్ని కాదమ్మా!

మూడేళ్ల కిందటి మాట. అమ్మకి ఒకటే నీరసం. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏడుకి పడిపోయిందన్నారు. వెంటనే మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఓ పెద్దాసుపత్రిలో చేర్చాం.

మర్నాడు ఉదయం తెల్లకోట్లు వేసుకున్న ఎనిమిది మంది పిల్లలు మంచం చుట్టూ చేరారు. ఒకరు కనురెప్ప కిందికి లాగి చూశారు. ఒకరు పొట్ట నొక్కారు. వెనకే ఇంకొకరూ నొక్కారు. ‘పద్నాలుగో బెడ్... ఎనీమియా’ అని రాసుకుని వెళ్లిపోయారు.

‘‘ఒక్కళ్లూ నా పేరైనా అడగలేదేమిటే!’’ అంది అమ్మ. ఆ గొంతులో కోపం లేదు, చిన్నబోవడం ఉంది.

సాయంత్రం ఆ ఎనిమిది మందిలోనే ఒకమ్మాయి ఒక్కతే వచ్చింది. ‘‘అమ్మా, నేనింకా డాక్టర్ని కాదు. ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మీకు ఓపికుంటే కాసేపు మాట్లాడతాను, పరీక్ష చేసి నేర్చుకుంటాను. వద్దంటే వెళ్లిపోతాను, ఏమీ అనుకోను’’ అంది. అమ్మ ‘కూర్చో తల్లీ’ అంది. ఆ పిల్ల ముందు పేరు అడిగింది. స్టెతస్కోపు బిళ్లని అరచేతిలో రుద్ది, చల్లదనం పోయాకే గుండె మీద పెట్టింది.

అంతకుముందు ఏ మందులు వాడుతున్నారని పెద్ద డాక్టరు అడిగితే అమ్మ బీపీ మాత్ర ఒక్కటే చెప్పింది. ఈ అమ్మాయి తీరిగ్గా అడిగేసరికి మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో కొనుక్కుని మూడు నెలలుగా వేసుకుంటున్న మాత్రల సంగతి బయటపెట్టింది. గొంతు తగ్గించి, విరేచనం నల్లగా తారులా అవుతోందనీ చెప్పింది. పొద్దున్న అంతమంది మగపిల్లల ముందు ఎలా చెబుతుంది?

ఆ పిల్ల అప్పుడు చేసిన పనే నాకు బాగా నచ్చింది. ఇది ఫలానా జబ్బు అనలేదు. ఈ మాత్ర వేసుకోండి అని చీటీ రాయలేదు. ‘‘ఇది డ్యూటీ డాక్టరుగారికి తెలియాలమ్మా, చెప్పనా?’’ అని అడిగి, నేరుగా ఆయన దగ్గరికి వెళ్లింది. మర్నాడు ఎండోస్కోపీ చేస్తే కడుపులో పుండు కనిపించింది. నొప్పి మాత్రల వల్లే పుండు పడి, రోజూ కొంచెం కొంచెంగా రక్తం పోతోందట!

వైద్య విద్యార్థి బాధ్యత అంటే ఏమిటో నాకు ఆరోజు అర్థమైంది. తానెవరో నిజం చెప్పడం. అనుమతి అడగడం. చెప్పింది ఓపికగా వినడం. తన హద్దు దాటకుండా, విన్నది పై డాక్టరుకి చేరవేయడం. ఇందులో దేనికీ పెద్ద పెద్ద పుస్తకాలు అక్కర్లేదు.

ఆ మాటకొస్తే స్టెతస్కోపు పుట్టిందే మర్యాద కోసం! 1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో రెనె లేనెక్ అనే డాక్టరు దగ్గరికి గుండెజబ్బు లక్షణాలతో ఓ యువతి వచ్చింది. అప్పట్లో గుండె చప్పుడు వినాలంటే రోగి ఛాతీకి చెవి ఆనించాల్సిందే. అలా చేయడానికి ఆయనకి మనసొప్పలేదు. కాగితాలను గొట్టంలా చుట్టి, ఓ కొస ఆమె ఛాతీ మీద, రెండో కొస తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. చప్పుడు ఇంకా స్పష్టంగా వినిపించింది. ఈరోజు మన పిల్లలు గొప్పగా మెడలో వేసుకుని తిరిగే పరికరం వెనక ఉన్న కథ ఇది.

మన దేశంలో ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. రెండో ఏడాది నుంచే వార్డుల్లో పోస్టింగులు మొదలవుతాయి. రోగితో ఎలా మాట్లాడాలి, అనుమతి ఎలా తీసుకోవాలన్నవి ఒకప్పుడు సీనియర్లను చూసి నేర్చుకోవాల్సిందే. 2019లో చేరిన బ్యాచ్ నుంచి వైద్యనీతి, ప్రవర్తన, సంభాషణలను పాఠ్యాంశాలుగా పెట్టారు. మంచిదే. కానీ క్లాసులో విన్న పాఠం వార్డులో ప్రొఫెసరుగారు పాటిస్తేనే పిల్లలకి వంటబడుతుంది. గురువుగారే ‘పద్నాలుగో బెడ్’ అంటే శిష్యులు ‘అమ్మా’ అంటారా?

ఇప్పుడు ఇంకో బెడద జేబులోని సెల్‌ఫోను. అరుదైన కేసు కనబడగానే ఫొటో తీసి గ్రూపులో పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. రోగి ఎవరో గుర్తుపట్టేలా ఫొటోలు, కేసు వివరాలు అనుమతి లేకుండా ప్రచురించకూడదని 2002 నాటి భారత వైద్యమండలి నియమావళి డాక్టర్లకి చెబుతోంది. రేపు డాక్టరు కాబోయే పిల్లలకి ఈరోజే అలవడాల్సిన నియమం అది. వైద్యం కోసం ఇంట్లో అడుగుపెట్టినవాడు అక్కడి గుట్టు బయటపెట్టకూడదన్న మాట గ్రీకుల హిప్పోక్రటీస్ ప్రమాణంలోనూ ఉంది, మన చరక సంహితలోనూ ఉంది. లిఫ్టులోనో క్యాంటీన్లోనో రోగి గురించి గట్టిగా మాట్లాడుకోవడమూ ఆ గుట్టు విప్పడమే.

మరి మన వంతు? పరీక్ష చేసేది విద్యార్థా, డాక్టరా అని అడిగే హక్కు మనకుంది. ఇబ్బందిగా ఉంటే వద్దనవచ్చు. ఆడవాళ్లయితే పక్కన నర్సుని ఉండమని కోరవచ్చు. కానీ అందరం వద్దంటే రేపటి డాక్టర్లు ఎక్కడ నేర్చుకుంటారు? అందుకే మర్యాదగా అడిగిన పిల్లలకి కాస్త సహకరిద్దాం. వాళ్లకి మనం కూడా పాఠాలమే!

డిశ్చార్జి రోజున ఆ అమ్మాయి వచ్చి, ‘‘మీ దగ్గర చాలా నేర్చుకున్నానమ్మా’’ అంది. అమ్మ మొహం చూడాలి! పాఠం చెప్పిన పంతులమ్మలా మురిసిపోయింది.

మీ ఇంట్లోనూ మెడిసిన్ చదివే పిల్లలున్నారా? హాస్టల్ నుంచి ఈ ఆదివారం ఫోను చేస్తే మార్కులు ఎన్నొచ్చాయని ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా వేయండి...

‘‘నువ్వు నిన్న పరీక్ష చేసిన మనిషిని పేరు పెట్టి పలకరించావా?’’ అని.