డిగ్రీయా? పీజీయా? మధ్యలో ఆగిపోతున్న ఆడపిల్ల

పోయిన సంవత్సరం వానాకాలంలో మా సంస్థ ఆఫీసుకు ఒక తల్లీ కూతురూ వచ్చారు. కూతురు ఇంటర్ తర్వాత నేరుగా అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలో చేరింది. మూడేళ్లు బాగా చదివింది. నాలుగో ఏడు స్కాలర్‌షిప్పు రెన్యువల్‌కు వెళితే కాలేజీ గుమాస్తా వేసిన మొదటి ప్రశ్న, "నువ్వు డిగ్రీయా, పీజీయా?" డిగ్రీ అంటే మూడేళ్లు అయిపోయాయి కాబట్టి కుదరదన్నారు. పీజీ అంటే డిగ్రీ పాసైన సర్టిఫికెట్ జత చేయమన్నారు. అయిదేళ్లూ చదివితేనే ఆమెకు ఆ కాగితం వస్తుంది. లేదా ఇప్పుడే కోర్సు వదిలేసి బయటికొస్తే వస్తుంది!

"మూడేండ్లు సాలదా అంటుండు అక్కా మా ఆయన. సంబంధం గూడ సూసిండు. ఒక్క కాయితం కోసం బిడ్డను ఇంట్ల కూసోబెట్టాల్నా?" అని అడిగింది ఆ తల్లి.

ఇది ఒకే కోర్సు అని కాలేజీ నుంచి ఉత్తరం రాయించుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాం. అధికారులు చివరికి ఒప్పుకున్నారు. ఈలోగా గడువు దాటిపోయింది. ఆ ఏటి సాయం పోయింది. తల్లి మహిళా సంఘంలో అప్పు తీసి ఫీజు కట్టింది. అమ్మాయి ఇప్పుడు అయిదో ఏడు చదువుతోంది. అప్పు మాత్రం తల్లి నెత్తి మీద ఉంది.

దీన్ని ఒక గుమాస్తా పొరపాటు అని వదిలేయడానికి లేదు. స్కాలర్‌షిప్పుల దరఖాస్తులు తయారుచేసేవారి దృష్టిలో చదువంటే మూడేళ్ల డిగ్రీ, ఆ పైన రెండేళ్ల పీజీ. రెండూ కలిసిన కోర్సు వారి గడుల్లో ఇమడదు. ఇమడనప్పుడు నష్టం ఎవరికి? డబ్బున్న ఇంట్లో కొడుకైతే ఆ ఏడు ఫీజు తండ్రి కట్టేస్తాడు. పేద ఇంట్లో కూతురైతే "ఇక చాలు" అంటారు.

అసలు ఆడపిల్లలకు అయిదేళ్ల కోర్సు ఎందుకు మేలో మనకు అనుభవంలో తెలుసు. మూడేళ్ల డిగ్రీ ముగిసే నాటికి అమ్మాయికి ఇరవై, ఇరవై ఒకటి వస్తాయి. ఇంట్లో పెళ్లి మాట ఎత్తేది సరిగ్గా అప్పుడే. పీజీకి మళ్లీ ప్రవేశ పరీక్ష, మళ్లీ హాస్టలు, మళ్లీ తండ్రి అనుమతి. ఒకసారి చేరితే అయిదేళ్లు సాగే కోర్సులో ఈ 'మళ్లీ' ఉండదు. "కోర్సు ఇంకా అవలేదు" అనే మాట ఆ పిల్లకు కొండంత అండ. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఉన్న అయిదేళ్ల ఎమ్మే, ఎమ్మెస్సీ కోర్సులు మన గ్రామాల అమ్మాయిలకు ఇలాంటి అండ ఇవ్వగలవు. మూడో ఏడు చివర స్కాలర్‌షిప్పు తెగితే ఆ అండ కూలుతుంది.

2020 జాతీయ విద్యా విధానం మధ్యలో బయటికి వెళ్లే అవకాశాన్ని గొప్ప సౌకర్యంగా చెప్పింది. ఏడాది చదివితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ. తన ఇష్టంతో వెళ్లేవారికి అది సౌకర్యమే. ఆడపిల్ల విషయంలో ఆ తలుపు తెరిచేది ఎవరు? ఆమెనా, ఆమె ఇంటివాళ్లా?

అయిదేళ్లకూ సాయం ఇవ్వడం సాధ్యం కాదా అంటే, సాధ్యమే. సైన్స్ విద్యార్థులకిచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్పు బీఎస్సీతో పాటు ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకీ వర్తిస్తుంది. ఏటా 80,000 రూపాయల చొప్పున అయిదేళ్ల దాకా ఇస్తారు. కేంద్ర విద్యా శాఖ కళాశాల విద్యార్థులకిచ్చే స్కాలర్‌షిప్పు నిబంధనల్లోనూ మొదటి మూడేళ్లు 12,000, అయిదేళ్ల కోర్సైతే నాలుగు, అయిదు సంవత్సరాలకు 20,000 అని ఉంది. అందులో సగం అమ్మాయిలకే కేటాయించారు. అంటే నిబంధన రాయడం ప్రభుత్వాలకు తెలుసు.

దీనికి ఎదురు నడక కూడా చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కళాశాలల్లోని పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంటు తీసేసింది. డిగ్రీకీ పీజీకీ మధ్య గీత ఎంత తేలిగ్గా గీయవచ్చో అది చూపించింది. ఆ గీత మీద నిలబడి చదివేవాళ్లు ఏమవుతారు?

మరో లెక్క చూడండి. పైన చెప్పిన కేంద్ర విద్యా శాఖ స్కాలర్‌షిప్పు అయిదేళ్లూ అందినా మొత్తం 76,000 రూపాయలు. తెలంగాణలో కల్యాణలక్ష్మి సాయాన్ని 2018లో 1,00,116 రూపాయలకు పెంచారు. ఒకటి కేంద్రానిది, ఒకటి రాష్ట్రానిది. పేదింటి పెళ్లికి సాయం వద్దని మనం అనడం లేదు. కాని ఇరవై ఒకటేళ్ల అమ్మాయి పెళ్లికి ఒక్కసారే లక్ష దాటి దొరుకుతూ, అదే వయసులో చదువుకు పన్నెండు వేలో ఇరవై వేలో కూడా కాగితాల చిక్కుల్లో ఆగిపోతే, తండ్రి ఎటు మొగ్గుతాడు?

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ఇంటిగ్రేటెడ్ కోర్సులో చేరినప్పుడే అర్హత తేల్చి, కోర్సు ముగిసే దాకా సాయం మంజూరు చేయాలి. దరఖాస్తులో ఈ కోర్సులకు వేరే గడి ఉండాలి. నాలుగో ఏట డిగ్రీ సర్టిఫికెట్ బదులు కాలేజీ ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ చాలాలి. ఆఫీసు తప్పు వల్ల గడువు దాటితే ఆ ఏటి డబ్బు విద్యార్థికి చేరాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేయగలిగిన పనీ ఉంది. అయిదేళ్ల కోర్సులో మూడో ఏటి తర్వాత ఎందరు అమ్మాయిలు, ఎందరు అబ్బాయిలు బయటికి వెళ్లారో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద ప్రతి విశ్వవిద్యాలయాన్నీ అడుగుదాం. మూడో ఏడు చదువుతున్న పిల్లల ఇళ్లకు రెన్యువల్ గడువుకు ముందే వెళదాం. తండ్రి సంబంధం చూడక ముందే మనం ఆ గడప తొక్కాలి.