రైలు పట్టాకు హద్దున్నది, మనిషికి లేదా?

కరువు భత్యం అనే మాట లేకుండా మన మహాసభ ఏదీ ముగియదు. ధరల సూచిక పెరిగినపుడు భత్యమూ పెరగవలెనన్నది మనం పోరాడి నిలబెట్టుకొన్న సూత్రం. అయితే ఆ మాటలోని కరువు మొదట ధరల కరువు కాదు. వాన రాక, చెరువు ఎండి, ఊరు విడిచి పోవలసి వచ్చిన కరువు అది. ధరల తాపాన్ని కొలిచే సూచిక మనకున్నది. ఎండ తాపాన్నీ వరద ఉధృతినీ కొలిచి, దానికి తగిన రక్షణను హక్కుగా ఇచ్చే సూత్రాన్ని మనం ఇంకా సాధించుకోలేదు. వాతావరణ మార్పు శాస్త్రజ్ఞుల సభలకూ, మొక్కలు నాటే ఉత్సవాలకూ సంబంధించిన విషయమని తలచేవారు మన సంఘాలలోనూ ఉన్నారు. ఇది మొట్టమొదట కార్మికుని సమస్య అని మా అభిప్రాయం.

రాయపూర్ నగరంలోని మోవాను తీసుకొందాం. బలోదాబజార్ దిశగా పోయే మార్గంలోని ఈ పేట ఒకనాటి గ్రామం. నగరం పెరిగి దానిని తనలో కలుపుకొన్నది. రాయపూర్ మనకు పరాయి ఊరు కాదు. 1931లో విజయనగరం–రాయపూర్ రైలు మార్గం పూర్తయిన తరువాత ఆ దారి వెంట ఉత్తరాంధ్ర నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలెన్నో ఉన్నవి. ఇక్కడ మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల పొగ, ధూళి దానికి తోడు. బూఢా తలాబ్, తేలీబాంధా వంటి చెరువులకు పేరుపొందిన ఈ నగరంలో అనేక చెరువులు పూడిపోయి కట్టడాలుగా మారినవి. చెరువు పోయిన చోట వేసవిలో చల్లదనం పోతుంది, వానకాలంలో నీరు నిలిచే తావు పోతుంది. అప్పుడా నీరు వీధిలోకీ, ఇంటిలోకీ, రైలు కట్ట వద్దకూ వచ్చి చేరుతుంది.

ఇట్టి పేటలను వాతావరణ మార్పునకు తట్టుకొనేలా తీర్చిదిద్దాలని నేడు ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంస్థలు చెబుతున్నవి. మంచిదే. కాని తట్టుకొనుట వేరు, ఓర్చుకొనుట వేరు. రేకుల ఇంటిలో రాత్రంతా నిద్రలేక, మరునాడు మిట్టమధ్యాహ్నం పట్టాల వెంట నడిచే ట్రాక్‌మన్ ఓర్చుకొంటున్నాడు. ఉత్తరాల సంచితో ఇంటింటికీ తిరిగే పోస్ట్‌మన్ ఓర్చుకొంటున్నాడు. వారి ఓర్పును చూపి సమాజం తట్టుకొంటున్నదని లెక్క వ్రాసుకొనడం అన్యాయం. నీడ, నీరు, వైద్యం, విశ్రాంతి, ముందస్తు హెచ్చరిక ఉన్నప్పుడే దానిని తట్టుకొనే శక్తి అనవలెను.

రైల్వేలోని ఒక నిబంధనను గమనించండి. అతుకు లేకుండా పొడవుగా వేసిన పట్టాలు ఎండకు వ్యాకోచించి వంకర తిరిగే ప్రమాదం ఉన్నది. గాలిలో 45 డిగ్రీలున్నప్పుడు పట్టా ఉష్ణోగ్రత 60 డిగ్రీలను దాటగలదు. అందుచేత పట్టా వేడిమి నిర్ణీత హద్దు దాటిన వెంటనే వేసవి పహరా నిర్వహించాలని నియమం ఉన్నది. ఇది అవసరమైన నియమమే. వేలాది ప్రయాణికుల ప్రాణాలు దానిపై ఆధారపడి ఉన్నవి. కాని పట్టా హద్దు దాటిన ఆ ఘడియలోనే మనిషిని ఎండలోకి పంపుతున్నాము. ఉక్కుకు వ్రాసిన హద్దు రక్తమాంసాలకు ఎందుకు వ్రాయరాదు?

ఎండ వలన మరణం విధి వ్రాత కాదు. 2015 మే నెల వడగాడ్పులలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి 1,500 మందికి పైగా మరణించారు. వారిలో ఎండను పడి పనిచేసే శ్రామికులు, వృద్ధులు ఎక్కువ. 2010 వేసవిలో భారీ ప్రాణనష్టం చవిచూసిన అహమ్మదాబాద్ నగరం 2013లో ఎండల కార్యాచరణ ప్రణాళికను అమలులోకి తెచ్చింది. ముందుగా హెచ్చరించడం, ఆసుపత్రులను సిద్ధం చేయడం, త్రాగునీరు అందించడం అందులోని ప్రధానాంశాలు. తరువాత పేదల ఇళ్ల పైకప్పులకు తెల్లని పూత పూయించే పనీ చేపట్టారు. ఇవేవీ కోట్లు కుమ్మరించవలసిన పనులు కావు.

ఇక వరద మాట. 2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండ వద్ద వరద నీటికి చిన్న వంతెన కొట్టుకుపోగా డెల్టా ప్యాసింజర్ ప్రమాదానికి గురై వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 1956లో మహబూబ్‌నగర్ వద్దనూ, అరియలూరు వద్దనూ వరదలే వంతెనలను కూల్చినవి. అరియలూరు ఘటన అనంతరం నాటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేశారు. చెరువు కట్ట ఒక శాఖది, రైలు కట్ట మరొక శాఖది. నీటికి మాత్రం ఈ విభజన తెలియదు. ఎగువ చెరువు నిండుతున్నదన్న కబురు స్టేషన్ మాస్టరుకు అందాలి. ఊరి నీరుగంటికి, పట్టాలపై కాపలా తిరిగే మనిషికి మధ్య మాట నడవాలి. సమాజాన్ని పటిష్టం చేయడమంటే ఇదే.

తపాలా ఉద్యోగులకు ఇందులో విశిష్టమైన స్థానమున్నది. ఏ ఇంట ఒంటరి ముదుసలి ఉన్నదో, ఎవరికి చూపు ఆనదో పోస్ట్‌మన్‌కు, గ్రామీణ డాక్ సేవక్‌కు తెలిసినంతగా ఏ కార్యాలయపు దస్త్రానికీ తెలియదు. ఎండల హెచ్చరికను ఆ గడపలకు చేర్చగలవారు వారే. అయితే ఇది సేవ పేరిట జీతం లేని అదనపు భారం కారాదు. దానికి సమయం, శిక్షణ, పారితోషికం కల్పించిన తరువాతనే బాధ్యత అప్పగించాలి.

ప్రజల అనుభవాన్ని మేము చిన్నచూపు చూడడం లేదు. మన చలివేంద్రం, అంబలి, మజ్జిగ ఎండపై తరతరాలుగా సాగిన యుద్ధంలో ఆయుధాలు. మన చద్దన్నానికి తోబుట్టువైన ఛత్తీస్‌గఢ్ బోరే బాసిని 2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, అక్కడి ప్రభుత్వమే ఉత్సవంగా జరిపింది. శ్రామికుని అన్నానికి గౌరవం దక్కడం సంతోషమే. ఆ అన్నం తిన్న శ్రామికునికి మధ్యాహ్నం నీడ దక్కడం అంతకంటె ముఖ్యం.

అందుచేత మేము కోరుతున్నవి ఇవి:

1. ఉష్ణోగ్రత నిర్ణీత హద్దు దాటినపుడు అత్యవసరం కాని బయటి పనులను నిలిపివేయాలి. తప్పనిసరి పహరాకు మనుషులను పెంచి, దఫాలను కుదించాలి. ఆ విరామానికి వేతనం కోయరాదు.

2. కాంట్రాక్టు కార్మికులకు, గ్రామీణ డాక్ సేవకులకు ఇదే రక్షణ వర్తించాలి.

3. క్వార్టర్ల పైకప్పులకు తెల్లని పూత, గ్యాంగు విశ్రాంతి స్థలాలకు నీడ, త్రాగునీరు కల్పించాలి. స్టేషన్లలో, తపాలా కార్యాలయాలలో చలివేంద్రాలు నెలకొల్పాలి.

4. రైలు మార్గాలకు ఎగువనున్న చెరువులను రైల్వే, నీటిపారుదల, స్థానిక సంస్థలు కలసి వానకాలానికి ముందే తనిఖీ చేయాలి. ఆ తనిఖీలో సంఘాల ప్రతినిధులు ఉండాలి.

5. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. ఇట్టి హక్కు దేశమంతటా ఉండాలి.

ఇవి అసాధ్యమని చెప్పేవారుంటారు. 1974 మే నెలలో రైల్వే కార్మికులు బోనసు కోరి సమ్మె చేసినపుడు కూడ అదే సమాధానం వచ్చింది. ఆ సమ్మెను అణచివేశారు. కాని 1979లో రైల్వేలో బోనసు రాక తప్పలేదు. న్యాయమైన కోర్కెకు కాలం పట్టవచ్చును. అది కాలగర్భంలో కలసిపోదు.

అయితే ఈసారి మనం అధికారుల వద్దకు మాత్రమే పోతే చాలదు. మోవా వంటి పేటలలో రైల్వే ఉద్యోగి, తపాలా ఉద్యోగి, రిక్షా కార్మికుడు, ఇంటి పనిచేసే స్త్రీ ఒకే ఎండలో, ఒకే నీటి కొరతలో జీవిస్తున్నారు. చెరువును కాపాడే పోరాటంలో మన జెండా వారి ప్రక్కన కనబడాలి. ప్రతి శాఖ రానున్న వేసవికి ముందే సమావేశమై, తన పరిధిలో ఏ గ్యాంగుకు నీడ లేదో, ఏ వంతెన ఎగువ చెరువు బలహీనంగా ఉన్నదో, ఏ తపాలా కార్యాలయంలో త్రాగునీరు లేదో జాబితా వ్రాసి తీర్మానం చేయాలని కోరుతున్నాము. ఆ జాబితాలే మన రాబోయే కోర్కెల పత్రానికి పునాది కావాలి.