తన పలుకు తన చెవికి

సకలము అనగా సమస్తము. శకలము అనగా ముక్క. ఒక్క అక్షరము తారుమారైనచో అర్థము తలక్రిందులగును. కళాశాలకు వచ్చిన విద్యార్థులలో సైతము శ, ష, స లను ఒకే తీరున పలుకువారును, ‘పాఠము’ను ‘పాటము’ చేయువారును పెక్కుమంది కలరు. వారిని నిందించి ఫలము లేదు. ఆ భేదమును బాల్యమున వారి చెవికి పట్టునట్లు వినిపించినవారు లేరు.

బిడ్డ మాటాడునప్పుడు మనస్సు అర్థముపై నుండును గాని ధ్వనిపై నుండదు. అంతియేగాక, ఎవరి గొంతు వారికి గాలి ద్వారానే గాక కపాలపు టెముకల ద్వారా కూడ చేరును. కావున ఇతరులు వినునట్లు తన్ను తాను వినుట సాధ్యము కాదు. ఈ కొరతను తీర్చు సాధనము నేడు అనేకుల చేతనున్న ఫోనులోనే కలదు. ధ్వనిముద్రణము వినునప్పుడు బిడ్డ వక్త గాక శ్రోత యగును.

పద్ధతి సులభము. ‘కల, కళ’ వంటి జంట యొకటి చాలును. ముందుగా ఉపాధ్యాయుడు తన గొంతును ముద్రించి, ఆ భేదము యంత్రమున స్పష్టముగా వినబడుచున్నదో లేదో చూచుకొనవలెను. పిమ్మట నాలుక కొన పండ్ల మూలమున తాకిన ‘ల’ యనియు, వెనుకకు మడిగి అంగిటిని తాకిన ‘ళ’ యనియు చూపి, బిడ్డచే పలికించి, రెండు గొంతులను వెంటవెంట వినిపింపవలెను. తేడా ఎక్కడనో బిడ్డయే కనుగొనవలెను. నాలుగైదు నిమిషములు చాలును. మొదటినాటి ముద్రణమును దాచి నెల తరువాత వినిపించినచో, తన మెరుగు తనకే తెలియును. అంతకు మించిన మెప్పు అక్కరలేదు.

అయితే ఈ పరికరము నేరము పట్టించు సాక్షి కారాదు. తరగతి యెదుట వినిపించి నవ్వులపాలు చేసినచో ఆ బిడ్డ మరల నోరు విప్పదు. ఇంటి యాసను తప్పుగా లెక్కించుటయు తగదు. అది తల్లి నేర్పిన పలుకు. గ్రంథభాషోచ్చారణము దానికి తోడుగా నేర్పదగినదే గాని, దానిని తుడిచివేయుటకు కాదు. కొన్ని ధ్వనులు పసివారికి ఆలస్యముగా పట్టుబడుట సహజము. ఎంతకును పట్టుబడనిచో ముందుగా వినికిడిని పరీక్ష చేయింపవలెను.

పాణినీయ శిక్ష వర్ణోచ్చారణమును, ఆడుపులి తన కూనను కోరలతో పట్టి మోయు తీరుతో పోల్చినది: కూన జారిపడరాదు, కోర నాటరాదు. అక్షరమునకు చెప్పిన ఆ నియమము, బిడ్డ పలుకును దిద్దు గురువునకును వర్తించును.