గ్రామసభ కబురు ముందు సంతలో వినిపించాలి

శుక్రవారం తెల్లవారేసరికే అరకు సంతకు కొండల మీది నుంచి జనం దిగుతారు. పసుపు, మిరియాలు, రాజ్‌మా, చింతపండు అమ్ముకుని, ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని పొద్దు వాలేలోగా గూడెం దారి పడతారు. సరుకుతో పాటు కబుర్లూ కొండెక్కుతాయి. ఎవరింట పెళ్లి, ఎక్కడ చావు, ఏ ఊళ్లో పండుగ అన్నీ తెలుస్తాయి. గ్రామసభ ఎప్పుడో మాత్రం చాలా గూడేలకు తెలియదు.

పంచాయతీ గోడకు అంటించిన తెలుగు కాగితం అంత దూరం నడవలేదు. ఇంట్లో ఆదివాసీ ఒడియానో కువియో మాట్లాడే అవ్వకు అది చదివి చెప్పేదెవరు?

అటవీ హక్కుల చట్టం (2006) నిబంధనల ప్రకారం గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి. వచ్చినవారిలో మూడోవంతుకు తగ్గకుండా ఆడవాళ్లుండాలి. భూమి హక్కు మీద తీర్మానమైతే, దరఖాస్తు పెట్టుకున్నవారిలో సగం మందైనా, లేదా వాళ్ల ప్రతినిధులైనా ఎదురుగా ఉండాలి. కబురు అందక జనం రాకపోతే పోడు పట్టా ఆశ మరో సభకు వాయిదా పడుతుంది.

ముందే తెలిస్తే ఏమవుతుందో ఒడిశాలోని నియమగిరి కొండ చూపించింది. అక్కడి డోంగ్రియా కోదులదీ అరకు కోదుల్లాగే కువి మాటే. బాక్సైట్ తవ్వకంపై గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. తొలి సభ సెర్కపాడిలో జూలై 18న జరిగింది. మధ్యలో మూడు నెలలు. అడగబోయే ప్రశ్న ఏమిటో ఊళ్లకు ముందే తెలుసు. ఆగస్టు 19న జరపా అనే ఊళ్లో చివరి సభ ముగిసేసరికి, సభలు జరిగిన పన్నెండు ఊళ్లూ తవ్వకం వద్దనే తేల్చాయి. జిల్లా జడ్జి సమక్షంలో, తమ భాషలో, తమ కొండ గురించి వాళ్లే మాట్లాడారు.

అరకులో ఇలా ముందే కబురు అందించడానికి కోర్టు తీర్పు అక్కర్లేదు. సభకు ముందు రెండు శుక్రవారాలు సంతలో మైకు పెట్టి ఆదివాసీ ఒడియాలో, కువిలో చాటించాలి. తేదీ ఒక్కటే చెబితే చాలదు. ఎవరి భూమి, ఏ రోడ్డు, ఏ పని గురించి మాట్లాడబోతున్నారో చెప్పాలి. ముందురోజు సాయంత్రం ఊరి బారికి గూడెం గూడెం తిరిగి చాటింపు వేయాలి, ఆ రోజు కూలి పంచాయతీయే ఇవ్వాలి. సంత రోజునా, కాఫీ పండ్లు కోసే రోజుల్లో పొద్దుటిపూటా సభ పెట్టకూడదు. ఆడవాళ్లు తోటల్లో ఉన్న వేళ పెట్టిన సభకు మూడోవంతు ఆడవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

ప్రతి గూడెం నుంచి ఇద్దరు వెళ్లి, వచ్చే సభకు ఈ ఏర్పాట్లు చేయమని సర్పంచునూ కార్యదర్శినీ అడగాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి కావాలి.