టైమ్‌షీట్‌లో ఎప్పుడూ ఎనిమిదేనా?

పోయిన నెల రిలీజ్ రోజు. ఉదయం 9:30కి తెరిచిన ల్యాప్‌టాప్ రాత్రి 11:40కి మూశాను. మర్నాడు టైమ్‌షీట్ నింపమని మెయిల్. అలవాటుగా 8 కొట్టేశా. మూడేళ్లుగా అదే కొడుతున్నా. ఆ రోజు మాత్రం ఎందుకో ఆగి, తిండికి, టీకి ఓ గంట తీసేసి 13 వేశా.

పది నిమిషాల్లో లీడ్ నుంచి ఫోన్. "తమ్ముడూ, ఎనిమిదే వెయ్యి. మనది నెల జీతం కదా, ఓటీ ఏంటి?"

నిజానికి నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఓటీ అంటే ఫ్యాక్టరీ వాళ్లదేనని. కానీ తెలంగాణలో ఆఫీసులకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. నెల జీతం తీసుకుంటే ఓటీ రాదని అందులో ఎక్కడా లేదు. సంస్థ వ్యవహారాలు చేతిలో ఉన్న మేనేజ్‌మెంట్ వాళ్లకు మినహాయింపు ఉంది. ఐటీకి కొన్ని సెక్షన్ల నుంచి సడలింపులూ ఉన్నాయి. అయినా వారానికి 48 గంటలనే గీత అలాగే ఉంది.

2025 జులైలో వచ్చిన జీవో గుర్తుందా? "రోజుకు 10 గంటలట!" అని అందరం గోల చేశాం. కింది లైన్లు చదవలేదు. అందులోనూ వారానికి 48 గంటలే. దాటితే ఓటీ కట్టాలి. అది కూడా మూడు నెలలకు 144 గంటలు మించకూడదు. విరామాలతో కలిపి రోజుకు 12 గంటలు దాటకూడదు. ఓటీ రేటు మామూలు జీతానికి రెట్టింపు.

లెక్క చూద్దాం. నెలకు 52,000 జీతం అనుకోండి. 26 రోజులు, రోజుకు 8 గంటలు వేసుకుంటే గంటకు 250. ఓటీ అయితే 500. వారానికి ఆరు గంటలు ఎక్కువ చేస్తే నెలకు దాదాపు 12,000. మన రూమ్ రెంట్!

మరి ఎందుకు రాదు? ఎందుకంటే రికార్డులో మనం 8 గంటలే చేశాం. రాసింది మన చేతులతోనే. రేపు లేబర్ ఆఫీసుకు వెళ్లినా ముందు చూపించేది ఆ కాగితమే.

నేను 13 మార్చలేదు. లాగిన్, లాగౌట్ టైమ్‌లతో మర్యాదగా ఓ మెయిల్ పెట్టా. ఓటీ డబ్బులు రాలేదు, ఒక కాంప్ ఆఫ్ వచ్చింది. లీడ్ మీద కోపం లేదు. ఆ రాత్రి ఆయనా నాతోనే కూర్చున్నాడు, ఆయన షీట్‌లోనూ ఎనిమిదే.

ఇప్పుడు మా టీమ్‌లో ఇంకో ముగ్గురు అసలు గంటలు వేస్తున్నారు. ఈ శుక్రవారం మీరెంత వేస్తున్నారు?