పందిరి మనది, పెండ్లి మందిది

రేపు 2024 డిసెంబర్ 31. ఊర్లల్ల పోరగాళ్లు కేకులకు, దావత్‌లకు పైసలు జమ చేసుకుంటున్రు. సరిగ్గ గదే రాత్రి ఏడున్నరకు పట్నంల, గచ్చిబౌలి స్టేడియంల సంతోష్ ట్రోఫీ ఫైనల్ ఉన్నది. పశ్చిమ బెంగాల్, కేరళ కొట్లాడుతున్నయి. రాష్ట్రాల నడుమ జరిగే ఫుట్‌బాల్ పోటీలల్ల దేశంల పెద్దది ఇదే. 1941ల మొదలైంది, ఇది 78వ పోటీ. మా ఎల్దుర్తి నుంచి తూప్రాన్ మీదికెళ్లి బస్సు పట్టుకుంటె పొద్దుగూకకముందె గచ్చిబౌలిల ఉండొచ్చు. గంత దగ్గర. గని మన పోరగాళ్ల స్టేటస్‌లల్ల ఈ ఫైనల్ ముచ్చట ఒక్కటి గూడ కనిపిస్తలేదు. ఎందుకు కనిపిస్తలేదో జర సోచాయించుడు అవసరం. ముందుగాల మ్యాచ్ ముచ్చట.

బెంగాల్‌ది పాత జమీందారీ అసుంటి లెక్క. 2024 ఫైనల్‌కు ముందుదాంక 32 సార్లు కప్పు గెలిచింది, రేపటిది 47వ ఫైనల్. కేరళ 7 సార్లు గెలిచింది, రేపటిది 16వ ఫైనల్. అంకెలు చూస్తె బెంగాల్‌కు ఎదురు లేదనిపిస్తది. గని ఈ నడుమ గాలి మారింది. 2018ల కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంల, బెంగాలోళ్ల ఇంట్లనే, కేరళ పెనాల్టీలల్ల ఓడగొట్టింది. 2022ల మంజేరిల మల్ల ఇదే జోడీ, మల్ల పెనాల్టీలు, మల్ల కేరళే. బెంగాల్ కప్పు ముఖం చూసి 2017 నుంచి ఏడేండ్లు దాటింది. 32 కప్పులున్న ఇంటికి ఏడేండ్ల ఉపాసమంటె చిన్న ముచ్చట కాదు.

నిన్న సెమీఫైనల్స్‌ల రెండు జట్లు గూడ గోల్స్ కుప్ప పోసినయి. బెంగాల్ 4-2తోని సర్వీసెస్ జట్టును, అంటె మిలిటరీ పిల్లల్ని ఇంటికి పంపింది. కేరళ 5-1తోని మణిపూర్‌ను ఉతికింది, అండ్ల మూడు గోల్స్ ముహమ్మద్ రోషల్‌వే. బెంగాల్ దిక్కు చూడాల్సిన పేరు రబీ హన్స్‌దా. క్వాలిఫయింగ్ రౌండ్ నుంచి లెక్కేస్తె ఇప్పటికే 11 గోల్స్ కొట్టిండు. హన్స్‌దా అంటె సంతాల్ ఆదివాసుల ఇంటిపేరు. మన దిక్కు తండాల పిల్లలు, గూడేల పిల్లలు ఈ పేరు యాదుంచుకోవాలె. బెంగాల్ కోచ్ సంజయ్ సేన్ ఇదివరకు మోహన్ బగాన్‌కు ఐ-లీగ్ గెలిపించినోడు. పెద్ద మ్యాచ్ ఎట్ల ఆడాల్నో ఎరికైనోడు.

నా అంచనా అడిగితె, సెమీస్ లెక్క గోల్స్ వాన రేపు పడదు. రెండు జట్లు ఒకదాన్నొకటి బాగ ఎరిగినయి. పెనాల్టీల దాంక పోతె కేరళకు ధైర్యం ఎక్కువుంటది, ఎందుకంటె రెండు సార్లు గట్లనే గెలిచింది. గందుకే బెంగాల్ తొంభై నిమిషాలల్లనే పని ముగించాలని చూస్తది. ఒక్క గోల్ తేడా మ్యాచ్ అయితది, అది గూడ ఆఖర్ల తేలుతదని నాకనిపిస్తున్నది.

ఇగ అసలు ముచ్చటకొద్దాం. పోటీ మన పట్నంల. పందిరి మనది, ఖర్చు మనది, ఆతిథ్యం ఇచ్చినందుకు తెలంగాణ జట్టుకు ఫైనల్ రౌండ్ల నేరుగ చోటు గూడ దొరికింది. అయినా గ్రూపులనే మన ఆట ముగిసింది. బెంగాల్ చేతుల్ల గూడ ఓడినం. పిల్లల్ని తిట్టుడు సులువు. గని ఎనుకట మన తాత్తండ్రులు ఏం చేసిన్రో తెలుసుకుంటె, తిట్టాల్సింది ఎవలనో అర్థమైతది.

1956-57ల సంతోష్ ట్రోఫీ ఎవలు గెలిచిన్రు? హైదరాబాద్. ఆ ఎంబడే 1957-58ల? మల్ల హైదరాబాదే. 1965-66ల ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఎక్కడ, ఎవల మీద? కేరళ గడ్డ మీద, క్విలాన్‌ల, ఇదే బెంగాల్‌ను ఫైనల్‌ల ఓడగొట్టి. అప్పుడు మనం కేరళకు పోయి బెంగాల్‌ను ఓడిస్తిమి. ఇప్పుడు కేరళ, బెంగాల్ మన ఇంటికొచ్చి ఆడుకుంటున్నయి, మనం గేటు కాడ నిలబడి చూస్తున్నం. ఆ తర్వాత దగ్గరదగ్గర అరవై ఏండ్లల్ల ఈ కప్పు మన గుమ్మం తొక్కలేదు.

ఆ రోజులల్ల హైదరాబాద్ బలం ఏంది? సిటీ పోలీస్ జట్టు. 1950 నుంచి 1954 దాంక వరుసగ 5 ఏండ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచిన జట్టు అది. 1950ల డ్యూరాండ్ కప్ ఫైనల్‌ల మోహన్ బగాన్‌ను ఓడగొట్టింది. దానెనుక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఉస్మానియా యూనివర్సిటీల చదువుకొని, ఆడుకొని, తర్వాత బడి పంతులు అయిండు. ఎడమకాలు సరిగ్గ ఆడనోళ్ల కోసం, ఆ కాలుతోనే ఆడాలని పోటీలు పెట్టిన మనిషి. దేశం జట్టుకు కోచ్‌గ 1951ల ఢిల్లీల, 1962ల జకార్తాల ఏషియాడ్ బంగారు పతకాలు తెచ్చిండు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల మన దేశం సెమీఫైనల్ దాంక పోయింది, ఆ జట్టుల హైదరాబాదోళ్లే మస్తుమంది. 1963 జూన్‌ల క్యాన్సర్‌తోని పోయిండు. 2024 ఏప్రిల్‌ల వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే.

సినిమా చూసినోళ్లు ఆయన తెలివిని మెచ్చుకుంటరు. మెచ్చుకోవాల్సిందే. గని సిటీ పోలీస్ అన్న పేరును జర ఆగి చదువుండ్రి. ఆ పిల్లలకు పోలీసు నౌకరి ఉండె. నెలనెల జీతం ఇంటికి పోతుండె. పొద్దున లేస్తె ఏం తినాలె అన్న రంది లేక, బంతి మీద మనసు పెట్టిన్రు. పేదింటి పిల్లగానికి కొలువు ఇచ్చినంకనే, ఆడు కప్పు తెచ్చిండు. కొలువు ముందు, కప్పు ఎనుక. ఇదే మన పాత సూత్రం.

ఇప్పుడు ఉల్టా అయింది. 2024ల బాక్సర్ నిఖత్ జరీన్‌కు, క్రికెటర్ సిరాజ్‌కు సర్కారు డీఎస్పీ కొలువులు ఇచ్చింది. మంచిదే, ఇద్దరూ కష్టపడి పైకొచ్చినోళ్లు, వాళ్లకు దక్కాల్సిందే. గని వాళ్లకు ఆ కొలువు ప్రపంచమంత పేరొచ్చినంక దొరికింది. పేరు రాకముందు, పదిహేడేండ్లప్పుడు, ఇంటర్ ఫెయిలై, అయ్య అప్పుల్ల ఉన్నప్పుడు ఎవలు నిలబెడతరు? అప్పుడే గదా మన ఊరి పిల్లగాడు బంతి పక్కన పడేసి కంపెనీల కూలికి పోయేది. మా మెదక్ దిక్కు ఫ్యాక్టరీ షిఫ్టులల్ల ఎంతమంది మంచి ఆటగాళ్లు కరిగిపోయిన్రో లెక్క రాసినోడు లేడు.

కేరళ ఏం చేసిందో చూడుండ్రి. మన సిటీ పోలీస్ సూత్రాన్నే వాళ్లు పట్టుకున్నరు. త్రిసూర్ స్టేడియంల సోడాలు అమ్ముకునే ఒక పిల్లగాన్ని కేరళ పోలీస్ జట్టు తీసుకున్నది. ఆయనే ఐ.ఎం. విజయన్, తర్వాత దేశం జట్టుకు కెప్టెన్ అయిండు. 1990ల, 1991ల ఫెడరేషన్ కప్ గెలిచింది ఆ పోలీస్ జట్టే. 2018ల సంతోష్ ట్రోఫీ గెలిచినంక, ఆ జట్టుల నౌకరి లేని 11 మందికి కేరళ సర్కారు నౌకర్లు ఇచ్చింది. అక్కడి పిల్లగానికి ఆడితె బువ్వ దొరుకుతదన్న భరోసా ఉన్నది.

రెండోది కాలేజీ. కేరళల కాలేజీ జట్టు అంటె ఉత్త పేరుకు కాదు. కాలికట్ యూనివర్సిటీ ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఎన్నోసార్లు గెలిచింది. ఒక కాలేజీకి ఇంకో కాలేజీకి నడుమ పంతం ఉంటది, ఆ పంతంలకెళ్లే రాష్ట్రం జట్టు తయారైతది. మన దిక్కు సర్కారు జూనియర్ కాలేజీల పరిస్థితి మీకు నాకంటె ఎక్కువ ఎరికే. గ్రౌండ్ ఉంటె ఆట నేర్పే సారు ఉండడు, సారు ఉంటె బంతి ఉండదు. ప్రైవేటు కాలేజీ అయితె అపార్ట్‌మెంట్ల నడుస్తది, పిల్లలు మెట్ల మీద ఆడుకోవాలె. ఆ ఉస్మానియాలనే రహీమ్ సాబ్ బూట్లు కట్టుకున్నడని మన పిల్లలకు చెప్పినోడు లేడు.

మూడోది వారం వారం ఆట. మలప్పురం దిక్కు వరి కోసిన పొలాలల్ల ఏడుగురు ఏడుగురుగ జట్లు కట్టి 'సెవెన్స్' ఆడుతరు. ఊర్లకు ఊర్లు కూడి చూస్తయి. బెంగాల్‌ల కలకత్తా లీగ్ 1898 నుంచి నడుస్తున్నది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పంతం తాత నుంచి మనుమని దాంక ఆస్తి లెక్క వస్తది. పంతం కావాలంటె ఎదుటోడు ఉండాలె, తారీఖు ఉండాలె, పోయినేడు ఓడిన మంట ఉండాలె. ఏడాదికొక్కసారి పెట్టి ఫోటో దిగే టోర్నమెంట్‌తోని అది పుట్టదు.

మన దగ్గర ప్రతిభ లేదంటె నేను ఒప్పుకోను. సికింద్రాబాద్ అమ్ముగూడ పేదింట్ల పుట్టిన తులసీదాస్ బలరాం దేశం గర్వపడే ఆటగాడు అయిండు. ఈస్ట్ బెంగాల్ ఆయన్ని 1957ల కోల్‌కతాకు తీసుకపోయింది. 1966ల మహ్మద్ హబీబ్, నయీముద్దీన్ అదే తొవ్వ పట్టిన్రు. ఇయ్యాల నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా బిడ్డ గుగులోత్ సౌమ్య దేశం జట్టుల ఆడుతున్నది, ఆమె గూడ ఈస్ట్ బెంగాల్‌కే పోయింది. అరవై ఏండ్ల సంది తొవ్వ ఒక్కటే: పిల్లలు మనోళ్లు, అంగీ బెంగాల్‌ది. బలరాం, హబీబ్ ఇద్దరూ 2023లనే కన్నుమూసిన్రు.

స్టేడియంలు లేక కాదు. ఇదే గచ్చిబౌలిల 2024 సెప్టెంబర్ల ఇంటర్‌కాంటినెంటల్ కప్ పెట్టిన్రు, సిరియా ఎత్తుకపోయింది. నవంబర్ల ఇండియా, మలేషియా మ్యాచ్ అయింది, 1-1తోని డ్రా. ఇప్పుడు సంతోష్ ట్రోఫీ. నాలుగు నెలలల్ల మూడు పెద్ద పందిర్లు. పెద్ద పైసలు వస్తె ఆట బాగుపడతదనుకునేటోళ్లకు హైదరాబాద్ ఎఫ్‌సీ కథ ఉన్నది. 2022 మార్చిల కేరళ బ్లాస్టర్స్‌ను ఓడగొట్టి ఐఎస్‌ఎల్ గెలిచిన క్లబ్ అది. రెండేండ్లు నిండకముందె జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కలు ఎల్లిపోయిన్రు. కింద ఊర్లు, కాలేజీలు లేని క్లబ్, వేరు లేని చెట్టు అసుంటిది. గాలి కొట్టంగనే పడ్డది.

సర్కారు ఏమీ చేస్తలేదని నేనంటలేను. 2024 డిసెంబర్లనే సీఎం కప్ ఊరి స్థాయి నుంచి మొదలు పెట్టిన్రు. స్పోర్ట్స్ యూనివర్సిటీ పెడతమన్నరు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు తానే బూట్లేసుకొని ఫుట్‌బాల్ ఆడే మనిషి. సంతోషం. గని పోయిన సర్కారు ఊరూరికి క్రీడా ప్రాంగణాలని బోర్డులు పెట్టింది. వాటిల ఎన్నిట్ల ఇయ్యాల బంతి దొర్లుతున్నదో మీ ఊర్లె మీరే పోయి చూడుండ్రి. బోర్డు పెట్టుడు ఒక్క దినం పని. ఆట నడిపించుడు ఏండ్ల పని.

గందుకే మనం అడగాల్సినయి మూడే. సర్కారు జూనియర్ కాలేజీలన్నిట్ల ఆట నేర్పే సారు పోస్టు నింపాలె. మండలాల నడుమ, కాలేజీల నడుమ ఏడాదంత నడిచే లీగ్ పెట్టాలె. వానకాలం వరి కోసినంక మొదలు పెట్టినా సరే, ప్రతి ఆదివారం ఆట ఉండాలె. ఇగ మూడోది అన్నిటికన్న ముఖ్యం. కొలువులల్ల 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉన్నది గదా, అండ్ల పేరు రాని పేదింటి ఆటగానికి గూడ దారి ఉండాలె. పోలీసు, కరెంటు, ఆర్టీసీ శాఖలకు మల్ల జట్లు కావాలె. పతకం తెచ్చినంక ఇచ్చేది బహుమానం. పతకం తేవాల్నంటె ముందుగాల ఇయ్యాల్సింది జీతం.

తమ్మీ, చెల్లె, రేపు దావత్ చేసుకోండ్రి, వద్దనను. రాత్రి ఏడున్నరకు ఫోన్ల ఆ మ్యాచ్ గూడ పెట్టుండ్రి. అటు హన్స్‌దా, ఇటు రోషల్ ఉరుకుతుంటె చూడుండ్రి. ఆ పిల్లలు గూడ మన అసుంటి ఊర్లకెళ్లి వచ్చినోళ్లే. చూసుడు అయినంక, కొత్త ఏడాదిల మొదటి గ్రామసభ మీ ఊర్లె ఎన్నడు పెట్టినా లేచి నిలబడి, మన గ్రౌండ్ ఏదని ఒక్క మాట అడుగుండ్రి. జవాబు కాగితం మీద రాసియ్యమనుండ్రి.